తిండి ద్వారా ఒంట్లోకి ఎంత కాడ్మియం చేరుతోంది? ఇంటింటి లెక్క కట్టే పద్ధతి

హైదరాబాదులో నాగోలు, ఉప్పల్, పీర్జాదిగూడ మీదుగా దిగువకు పారే మూసీ వెంట మురుగు కలిసిన నీటితో ఆకుకూరలు, వరి, పశువుల కోసం పారా గడ్డి పండించడం దశాబ్దాలుగా సాగుతోంది. ఆ నీటి సంగతి తెలిసినవారు బజారులో తోటకూర కట్ట చేతిలోకి తీసుకుని, ఇది తినవచ్చా, పిల్లలకు పెట్టవచ్చా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే దానికి ప్రయోగశాల నివేదిక ఒక్కటే జవాబు ఇవ్వలేదు. మురుగు నీటి ద్వారా పంటలోకి చేరగల విషలోహం కాడ్మియం. కిలో తోటకూరలో అది ఇంత ఉందన్న అంకె తోటకూర సంగతి చెబుతుందే తప్ప, దానిని వారానికి ఒకసారి తినే యాభై అయిదు కిలోల తల్లికీ, రోజూ పప్పులో కలిపి తినే పన్నెండు కిలోల బిడ్డకూ ఎంతెంత చేరుతోందో చెప్పదు. ఆ రెండో సంగతిని లెక్కగట్టడం ఎలాగో ఈ వ్యాసం వివరిస్తుంది. పోషకాహారం, గృహవిజ్ఞానం, ప్రజారోగ్యం చదివే విద్యార్థులను, బస్తీలలో చిన్న సర్వేలు చేసే కార్యకర్తలను దృష్టిలో పెట్టుకుని దీనిని రాస్తున్నాను.

లెక్క మూలం చాలా సులువైనది. ఒక్కొక్క పదార్థంలో ఉన్న రసాయన పరిమాణాన్ని, ఆ పదార్థాన్ని మనిషి రోజుకు తిన్న బరువుతో హెచ్చించాలి. అన్ని పదార్థాల నుంచి వచ్చిన మొత్తాలను కూడాలి. ఆ మొత్తాన్ని మనిషి బరువుతో భాగించాలి. జవాబు, కిలో శరీర బరువుకు రోజుకు ఇన్ని మైక్రోగ్రాములు అన్న రూపంలో వస్తుంది. కొలమానాల దగ్గర తడబడకుండా ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: కిలోకు ఒక మిల్లీగ్రాము అన్నా, గ్రాముకు ఒక మైక్రోగ్రాము అన్నా ఒకటే. ప్రయోగశాల కిలోకు మిల్లీగ్రాములలో ఇచ్చిన అంకెను ఏ మార్పూ లేకుండా, తిన్న గ్రాములతో నేరుగా హెచ్చిస్తే మైక్రోగ్రాములు వస్తాయి. లెక్క ఇంత సులువైనా జవాబులు తప్పడానికి కారణం, అందులో వేసే అంకెలను సేకరించే తీరులోనే ఉంటుంది.

మొదట ఏ రసాయనం, ఏ తిండి

అన్ని రసాయనాలనూ ఒకేసారి పట్టుకోబోతే ఏదీ చేతికి రాదు. నీటి ద్వారా, నేల ద్వారా వచ్చే కాడ్మియం, సీసం వంటి లోహాలకు బియ్యం, ఆకుకూరలు, దుంపలు చూడాలి. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్‌కు పల్లీలు, ఎండుమిర్చి, మొక్కజొన్న చూడాలి. పశువుల దాణాలో అది ఉంటే దాని రూపాంతరం పాలలోకి వస్తుంది కనుక పాలు కూడా చూడాలి. మిథైల్ పాదరసానికి చేపలు, ఫ్లోరైడుకు బోరు నీరు ముఖ్యం. పిండిపదార్థాలను బాగా వేయించినప్పుడు, కాల్చినప్పుడు పుట్టే ఆక్రిలమైడు ఆహారంలో ఉన్నదన్న సంగతి 2002లో స్వీడన్ పరిశోధకుల ద్వారా లోకానికి తెలిసింది. దానికి ఆలుగడ్డ వేపుళ్ళు, చిప్స్, బిస్కెట్లు, రొట్టె వంటివి చూడాలి. ఇక్కడ ఉదాహరణగా కాడ్మియాన్ని తీసుకుంటున్నాను.

తిన్నదెంతో అడగడం

ఈ పని మొత్తంలో ఎక్కువ ఓపిక, ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే. ప్రయోగశాల యంత్రం ఎంత ఖరీదైనదైనా, పక్కన హెచ్చించే అంకె నోటిమాటగా రాసుకున్నదైతే జవాబు కూడా అంతే నమ్మకమైనది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో, రాష్ట్రాలలో ఇళ్ళకు వెళ్ళి తిండిని తూచి, అడిగి రాసే పద్ధతులను మన దేశంలో స్థిరపరచింది. చిన్న సర్వేకు కూడా ఆ స్ఫూర్తే కావాలి.

సాధారణంగా వాడేది ఇరవై నాలుగు గంటల జ్ఞాపకం: నిన్న ఉదయం లేచినప్పటి నుంచి ఈ ఉదయం లేచేవరకు తిన్నవి, తాగినవి అన్నీ వరుసగా చెప్పించడం. నేను ఒక బస్తీలో మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఒక పెద్దావిడను, "పెద్దమ్మా, నిన్న పొద్దుగాల లేచినకాడి నుంచి ఏమేం తిన్నరో చెప్తరా?" అని అడిగాను. "ఏం తింటం బిడ్డా, గింత బువ్వ, గింత పప్పు" అన్నారామె. ఆ "గింత" ఎంతో నేను ఊహించి రాసుకున్నాను. తరువాత ఆమె వంటింట్లోని గిన్నెలోనే అన్నం పెట్టించి త్రాసు మీద తూస్తే, నా ఊహ అసలు బరువులో సగం కూడా లేదు. అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్ళినా ఆ ఇంటి గిన్నె, ఆ ఇంటి గరిటె, ఆ ఇంటి గ్లాసునే కొలతగా తీసుకుంటున్నాను. ఒక గ్రాము వరకు చూపే చిన్న వంటింటి త్రాసు ఇందుకు చాలు. గిన్నెలో ఎంతవరకు పెట్టుకున్నారో వారి చేతనే పెట్టించి, తూచి, గిన్నె బరువు తీసివేయాలి. బియ్యాన్ని ఇప్పటికీ సోలలలో, గిద్దెలలో చెప్పే ఇళ్ళలో వారి సోలనే నింపించి తూచాలి. ఒక ఇంటి సోల మరో ఇంటి సోలతో సరిపోలుతుందని అనుకోకూడదు.

ఇంటి కుండలో వండినది ఒకటి, ఒక్కొక్కరు తిన్నది మరొకటి. కూర మొత్తానికి ఎంత ఆకు, ఎంత పప్పు వేశారో తూచి, వండిన కూర మొత్తం బరువు చూసి, అందులో బిడ్డ తిన్న వాటా ఎంతో లెక్కించాలి. తల్లి చివరిగా తిన్నదాన్ని, అడుగున మిగిలినదాన్ని ఆమె సాధారణంగా చెప్పదు, "మిగిలింది ఎవరు తిన్నారు?" అని ప్రత్యేకంగా అడగాలి. బయట తిన్నవి కూడా అంతే. హోటల్‌లో తాగిన చాయ్, దానిలో ముంచుకున్న ఉస్మానియా బిస్కెట్, సాయంత్రం బండి మీద తిన్న మిర్చి బజ్జీ, అంగన్‌వాడీలో బిడ్డ తిన్న భోజనం "తిండి" అన్న మాటకు స్ఫురించవు. పాతబస్తీలో అడుగుతున్నప్పుడు "చారు" అని అడిగితే ఖట్టీ దాల్ సంగతి జవాబులో రాకపోవచ్చు. ఆ ఇంటి పేర్లతో అడగాలి.

ఒక్కరోజు తిండి ఆ మనిషి అలవాటుకు సాక్ష్యం కాదు. వరుసగా కాకుండా ఎడంగా కనీసం రెండు రోజులు, వాటిలో ఒకటి ఆదివారం అయ్యేటట్లు అడగాలి, ఎందుకంటే మన ఇళ్ళలో ఆదివారం తిండి మిగిలిన వారం తిండికంటే వేరుగా ఉంటుంది. రంజాన్ నెలలో, బోనాల వారంలో, సంక్రాంతికి సకినాలు చేసుకునే రోజులలో సేకరించిన వివరాలను మామూలు రోజుల లెక్కలో కలపకుండా విడిగా ఉంచాలి. చేపలు, మాంసం వంటి అప్పుడప్పుడు తినేవాటికి, నెలలో ఎన్నిసార్లు, తిన్నప్పుడు ఎంత అన్న ప్రశ్నపత్రం జోడించాలి. శరీర బరువును కూడా అడిగి రాసుకోవడం కంటే తూచడం మేలు. తూచే వీలు లేని పెద్దవారికి, 2020లో ప్రకటించిన జాతీయ పోషక సిఫార్సులలో ప్రామాణికంగా తీసుకున్న పురుషులకు 65 కిలోలు, స్త్రీలకు 55 కిలోలు అన్న అంకెలు వాడవచ్చు. పిల్లలను మాత్రం తప్పనిసరిగా తూచాలి.

పచ్చి బరువా, వండిన బరువా

విద్యార్థులు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. ప్రయోగశాల అంకె బియ్యానికి ఇచ్చినదైతే తిన్న బరువును కూడా బియ్యంలోకే మార్చాలి. 250 గ్రాముల బియ్యం వండితే నీటిని పీల్చుకుని సుమారు 700 గ్రాముల అన్నం అవుతుంది. బియ్యంలో కిలోకు 0.03 మిల్లీగ్రాముల కాడ్మియం ఉందనుకుంటే సరైన లెక్క 250 గ్రాములకు 7.5 మైక్రోగ్రాములు, పళ్ళెంలోని అన్నం బరువు 700తో హెచ్చిస్తే 21 వస్తుంది. నీరంతా కాడ్మియమైపోయినట్లు లెక్క తేలుతుంది, ఆ ఇంటివారు లేని భయంతో తిండి మానుకుంటారు.

వంట తీరు కూడా లెక్కలోకి రావాలి. ఎసరు ఎక్కువ పెట్టి గంజి వార్చే ఇంట్లో బియ్యంలోని ఆర్సెనిక్ అనే మరో విషపదార్థంలో చెప్పుకోదగిన భాగం గంజితోపాటు పోతుంది. కుక్కర్‌లో అత్తెసరు పెట్టి వండే ఇంట్లో అది అన్నంలోనే ఉండిపోతుంది. వార్చిన గంజిని తాగే ఇల్లయితే పోయిందనుకున్నది మళ్ళీ కడుపులోకే చేరుతుంది కనుక, గంజి ఏం చేశారో అడగడం మరువకూడదు. ఆకుకూరను ఇంట్లో కడిగినట్లే కడిగి, కాడలు తీసే ఇల్లయితే తీసి, అప్పుడు తూచి పరీక్షకు పంపాలి. మట్టి అంటిన ఆకును అలాగే పంపితే, ఆ మట్టిలోని సీసం తిండి ఖాతాలో పడుతుంది. వంట పాత్ర సంగతి కూడా రాసుకోవాలి: కళాయి పూసిన తగరంలో సీసం కలిసి ఉంటే చింతపండు పులుసు దానిని లాగగలదు.

పదార్థాలను కొనడం, పరీక్షకు పంపడం

జనం కొనేచోటే కొనాలి. ఉప్పల్ వాసుల లెక్కకు, నగరంలో మరోవైపు ఉన్న ఎర్రగడ్డలోని రైతుబజారు కూర సరిపోదు. ఆ వీధిలోకి వచ్చే తోపుడు బండి దగ్గర, ఆ పక్క అంగడిలో, ఆ వారపు సంతలో కొనాలి. ఒకే కట్టను పరీక్షించి ఆ కూర మొత్తానికి తీర్పు ఇవ్వకూడదు. వేరువేరు చోట్ల, వేరువేరు వారాలలో కొన్న పది కట్టలను శుభ్రం చేసి, సమాన బరువులు కలిపి, ముద్దగా నూరి పంపితే ఒక్క పరీక్ష ఖర్చుతో సగటు అందుతుంది. పల్లీల విషయంలో మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే అఫ్లాటాక్సిన్ గింజలన్నింటిలో సమంగా పరచుకుని ఉండదు. బస్తాలో కొన్ని గింజలలోనే చాలా ఎక్కువగా ఉండి మిగిలినవి శుభ్రంగా ఉంటాయి. గుప్పెడు పల్లీలు పంపితే ఆ గింజలు దొరకకపోవచ్చు, దొరికితే మొత్తం బస్తా విషమన్నట్లు కనబడవచ్చు. కిలోల కొద్దీ తీసుకుని, పొడి చేసి, ఆ పొడిలోంచి నమూనా తీయాలి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ ఈ విషం మీద ఏళ్ళ తరబడి పనిచేసి తక్కువ ఖర్చు పరీక్షా విధానాలను రూపొందించింది.

చట్టంలోని గరిష్ఠ పరిమితిని పదార్థంలో ఉన్న అంకెగా వాడవచ్చా అని అడుగుతుంటారు. మొదటి వడపోతకు వాడవచ్చు. అన్నింటిలోనూ పరిమితి మేరకు ఉందనుకుని లెక్కగట్టినా మొత్తం భద్రంగా ఉంటే అక్కడితో ఆపవచ్చు. ఎక్కువ వస్తేనే డబ్బు పెట్టి నమూనాలు పరీక్షించాలి. అలా వచ్చిన ఎక్కువ అంకెను మాత్రం జనానికి నిజంగా చేరుతున్న మోతాదుగా ప్రకటించడం తప్పు.

"కనబడలేదు" అన్న జవాబు

నివేదికలో అంకె బదులు "కనబడలేదు" అని వస్తే దానిని సున్నా అని రాసుకోవడం చాలామందికి అలవాటు. ఆ మాటకు అర్థం, ఆ యంత్రం పట్టగల కనిష్ఠ స్థాయికంటే తక్కువ ఉందని మాత్రమే. సున్నా కావచ్చు, ఆ స్థాయికి కాస్త దిగువన కావచ్చు. అందుకే రెండు లెక్కలు కట్టాలి: కనబడని చోట సున్నా వేసి ఒకటి, కనిష్ఠ స్థాయినే వేసి మరొకటి. నిజం ఆ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఫలితాలలో కనబడనివి అరవై శాతానికి మించకపోతే ఆ స్థాయిలో సగం వేయవచ్చునని ఈ రంగంలో చాలాకాలంగా అమలులో ఉన్న పద్ధతి. మించితే రెండు లెక్కలూ చూపవలసిందే.

ఇప్పుడు మొత్తం లెక్కను ఒక ఇంటి మీద వేసి చూద్దాం. ఇక్కడి అంకెలు పద్ధతి చూపడానికి అనుకున్నవే తప్ప హైదరాబాదు బజారులో కొలిచినవి కావు. కిలోకు మిల్లీగ్రాములలో కాడ్మియం బియ్యంలో 0.03, ఆకుకూరలో 0.08, కందిపప్పులో 0.02, ఇతర కూరగాయలలో 0.02 అనుకుందాం, పాలలో "కనబడలేదు", ఆ పరీక్ష పట్టగల కనిష్ఠ స్థాయి 0.01. తల్లి బరువు 55 కిలోలు. ఆమె రోజుకు 250 గ్రాముల బియ్యం, 80 గ్రాముల ఆకుకూర, 50 గ్రాముల పప్పు, 150 గ్రాముల కూరగాయలు తిని, 200 గ్రాముల పాలు తాగుతుంది. వరుసగా 7.5, 6.4, 1, 3 మైక్రోగ్రాములు. పాలకు సున్నా వేస్తే మొత్తం 17.9. దానిని 55తో భాగిస్తే కిలో బరువుకు రోజుకు సుమారు 0.33, నెలకు సుమారు 9.8.

బిడ్డ బరువు 12 కిలోలు. 90 గ్రాముల బియ్యం, 25 గ్రాముల ఆకుకూర, 25 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 300 గ్రాముల పాలు. వరుసగా 2.7, 2, 0.5, 1, మొత్తం 6.2. దానిని 12తో భాగిస్తే రోజుకు సుమారు 0.52, నెలకు 15.5. బిడ్డ కడుపులోకి పోయిన కాడ్మియం తల్లికి పోయినదానిలో మూడో వంతు మాత్రమే అయినా, కిలో బరువుకు లెక్కిస్తే బిడ్డ మోస్తున్నది ఒకటిన్నర రెట్ల పైమాట. ఇంటి సగటు తీసి సంతృప్తి పడితే ఈ బిడ్డ ఆ సగటులో కనబడకుండా పోతుంది. అందుకే ఏ సర్వేలోనైనా పిల్లల లెక్కను విడిగా కట్టమని పట్టుబడతాను.

ఇక పాల సంగతి. కనబడని చోట 0.01 వేస్తే తల్లికి 2 మైక్రోగ్రాములు కలిసి నెలకు సుమారు 10.9 అవుతుంది. బిడ్డకు 3 కలిసి మొత్తం 9.2, నెలకు 23 అవుతుంది. తల్లి అంకె పెద్దగా కదలలేదు, బిడ్డ అంకె మాత్రం దాదాపు సగం పెరిగింది. పాలలో నిజంగా ఏమీ లేకపోయినా మన అజ్ఞానమే అంత బరువు తూగింది. ఇలాంటప్పుడు చేయవలసింది పాలు మాన్పించడం కాదు, 0.001 వరకు పట్టగల ప్రయోగశాలకు ఆ పాలను మళ్ళీ పంపాలి. అక్కడా కనబడకపోతే బిడ్డ పై లెక్క 16.25కు దిగి వస్తుంది. ఎక్కువ పరిమాణంలో తినే, తాగే పదార్థాలకు సున్నితమైన పరీక్ష కావాలి.

దేనితో పోల్చాలి

ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల సంయుక్త నిపుణుల సంఘం 1956 నుంచి పనిచేస్తూ సహించగల మోతాదులను, అంటే దీర్ఘకాలం తిన్నా హాని ఉండదనుకునే గరిష్ఠ పరిమాణాలను నిర్ణయిస్తోంది. కాడ్మియానికి 2010లో కిలో బరువుకు నెలకు 25 మైక్రోగ్రాములు అని నిర్ణయించింది. కాడ్మియం మూత్రపిండాలలో చేరి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది కనుక ఒక్కరోజు తిండికి అర్థం తక్కువని, నెల లెక్కను తీసుకున్నారు. మన ఉదాహరణలో తల్లి ఆ మోతాదులో 39 నుంచి 43 శాతం దగ్గర, బిడ్డ 62 నుంచి 92 శాతం మధ్య ఉన్నారు. ఇది దీర్ఘకాలపు సగటుకు పెట్టిన గీత కనుక, ఒక నెల దాటినంత మాత్రాన జబ్బు వస్తుందని కాదు, దాటకపోతే పట్టించుకోనక్కరలేదనీ కాదు. మిథైల్ పాదరసానికి అదే సంఘం 2003లో వారానికి కిలో బరువుకు 1.6 మైక్రోగ్రాములు అని నిర్ణయించింది.

సీసం సంగతి వేరు. వారానికి కిలో బరువుకు 25 మైక్రోగ్రాములు అన్న పాత మోతాదు పిల్లల తెలివితేటలను కాపాడలేదని తేలి, 2010లో ఆ సంఘమే దానిని ఉపసంహరించింది. దాని స్థానంలో భద్రమైన గీత ఏదీ పెట్టలేదు. నేటికీ కొన్ని నివేదికలలో సీసాన్ని ఆ పాత 25తో పోల్చి భద్రమని రాయడం చూసి బాధ కలుగుతుంది. సీసానికి ఎంత తక్కువైతే అంత మేలన్న దృష్టితో, ఏ పదార్థం నుంచి ఎక్కువ వస్తోందో వెతకడమే పని. తక్కువ తినే పదార్థమని దేనినీ వదలకూడదు. మన దేశంలో పసుపుకు సీసం పరిమితి కిలోకు 10 మిల్లీగ్రాములు. ఆ పరిమితి దగ్గరే ఉన్న పసుపును బిడ్డ రోజుకు అర గ్రాము తింటే 5 మైక్రోగ్రాములు, అంటే కిలో బరువుకు 0.42. పిల్లల మెదడు ఎదుగుదలకు హాని మొదలయ్యే స్థాయిగా ఐరోపా ఆహార భద్రతా సంస్థ తీసుకున్న 0.5కు చిటికెడు పసుపే అంత చేరువకు తీసుకుపోతుంది. రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు రసాయనం కలిపిన పసుపు అయితే చెప్పనక్కరలేదు.

క్యాన్సర్ కలిగించగల అఫ్లాటాక్సిన్, ఆక్రిలమైడు వంటివాటికి పోలిక తిరగేసి ఉంటుంది. జంతువులలో స్వల్ప హాని చూపిన మోతాదును మనిషికి చేరే మోతాదుతో భాగించి, ఆ రెంటికీ ఎంత ఎడం ఉందో చూస్తారు. ఆక్రిలమైడుకు ఐరోపా సంస్థ తీసుకున్న మోతాదు కిలో బరువుకు రోజుకు 170 మైక్రోగ్రాములు. ఒక మనిషికి 0.5 చేరుతోందనుకుంటే ఎడం 340 రెట్లు. ఈ రకం రసాయనాలకు 10,000 రెట్ల ఎడం ఉంటే ఆందోళన తక్కువని అంటారు కనుక 340 చాలా తక్కువ.

గుంపు గురించి చెప్పేటప్పుడు సగటుతోపాటు ఎక్కువ తినేవారి అంకె కూడా చెప్పాలి, అయితే ఇరవై మంది వివరాలతో నూటికి తొంభై అయిదవ స్థానం (వందమందిలో తొంభై అయిదుగురు దీనికి లోపే ఉంటారన్న అంకె) ఇదని ప్రకటించకూడదు. కనీసం అరవై మంది ఉంటే గాని ఆ అంకెకు నిలకడ రాదు. ఆ పదార్థం తిననివారిని కలిపి తీసిన సగటునూ, తిన్నవారి సగటునూ విడివిడిగా రాయాలి.

ఇంటివారికి తిరిగి చెప్పడం

మనకు సమయం ఇచ్చి, గిన్నెలు తీసి చూపిన ఇంటికి మళ్ళీ వెళ్ళి ఫలితం చెప్పడం మన బాధ్యత. అంకె చెప్పి భయపెట్టి రాకూడదు. ఏ పదార్థం ఎంత వాటా ఇస్తోందో చెప్పాలి. పై ఉదాహరణలో బిడ్డకు చేరేదానిలో బియ్యం వాటా 44 శాతం, ఆకుకూర వాటా 32 శాతం. ఆకుకూర మాన్పిస్తే ఇనుము, ఫోలేట్ పోతాయి కనుక, కూర కొనే చోటును వారంలో కొన్ని రోజులు మార్చడం, ఒకే రకం బియ్యాన్ని ఏడాది పొడవునా వాడకపోవడం, జొన్న, రాగి వంటివాటికి కొంత చోటివ్వడం గురించి మాట్లాడవచ్చు. మార్చిన పదార్థాన్ని కూడా పరీక్షించాకే తగ్గిందని చెప్పాలి.

లెక్క కాగితం మీద తేదీ, కొన్న చోటు, తూచింది పచ్చిదా వండినదా, ప్రయోగశాల పట్టగల కనిష్ఠ స్థాయి, కనబడని చోట ఏ అంకె వేశామన్నది తప్పక రాయాలి. ఈ అయిదూ ఉంటే మూడేళ్ళ తరువాత ఆ బస్తీకి వెళ్ళే మరొకరు మన లెక్కను మొదటి నుంచి మళ్ళీ కట్టి, ఆ బిడ్డ బరువు పెరిగిన తరువాత అంకె ఎటు కదిలిందో చూడగలుగుతారు.